ముందుగాల నీళ్లు

చండూరు బస్టాండు ఎదురుంగ నా జిరాక్స్ దుకాణం.
మిషిను పక్కన, నా మెడ ఎంతవరకు వంగుతదో
లెక్కగట్టి పెట్టిన ఎత్తుల
ఒక అద్దాల తొట్టి.
అద్దం కోసింది జహంగీరు, అంచులకు సిలికాను గూడ ఆయనే పెట్టిండు.
"ఎన్ని చేపలేస్తవ్?" అన్నడు.
ఇప్పుడైతే ఒక్కటి గూడ లేదన్న.
పైసలు దీసుకునేటప్పుడు
నా మొఖం దిక్కు ఇంకోసారి జూసిండు.

ప్లాంటు నీళ్లు రెండు క్యాన్లు,
హైదరాబాదు నుంచొచ్చిన ఉప్పు పొట్లం,
బకెట్ల బోసి కట్టెతోని కలుపుతుంటె
పారిజాత గడపల నిలవడి అన్నది:
"మంచినీళ్ల కోసం నలభై ఏండ్లు కొట్లాడితిరి.
దొరికినంక అండ్ల ఉప్పు బోస్తున్నవా?"
జవాబు దొరకలే. కలుపుడు ఆపలే.

సముద్రం ఒక్కసారే చూసిన, బాపట్ల కాడ,
పెండ్లి బస్సు గంటసేపు ఆగితె.
కాళ్లు తడిసినయి.
వంగి దోసిట్లకు దీసుకోరాలే.

రాయి బస్సుల వచ్చింది,
తడి పేపర్లు చుట్టి, థర్మకోల్ డబ్బల.
కండక్టరు దానికి లగేజీ టికెటు కొట్టిండు.
ఇది బతికున్న రాయి అంటె
దుకాణంల ఉన్న నలుగురు నవ్విండ్రు.
గుట్టల నడుమ పుట్టినోళ్లం, మాకు రాళ్లు కొత్తనా?
కని దీనికి ఒళ్లంత బొక్కలే.
మా దిక్కు బొక్కంటె తూటు, బొక్కంటె ఎముక.
నా బొక్కలు రాయైనయి,
ఈ రాయి బొక్కల్ల ఏదో కాపురం జేస్తున్నది.

మూడో దినం ఒక పచ్చి రొయ్య ఏసిన.
తినేటోళ్లు ఎవరు లేరు.
కుళ్లాలె, గదే దాని పని.
ఆధారు కాపీలకొచ్చినోళ్లు ముక్కు మూసుకుని
"ఏందన్నా ఈ సచ్చిన వాసన?"
"నీళ్లు తయారైతున్నయి" అన్న.

రాత్రి షట్టరు సగం దించి
గాజు గొట్టంల అన్ని నీళ్లు, ఎనిమిది సుక్కలు,
ఊపుడు, అట్టమీది రంగులతోని పోల్చుడు.
పసుపుంటె మంచిది. ఆకుపచ్చ అయితె విషం.
పది దినాలు ఆకుపచ్చే.
అది తగ్గుతుంటె ఇంకో సీసల ఇంకో విషం,
వంకాయ రంగుల.

ఈ పని నాకు ఎరికే.
నాలుగో తరగతిల ఉండంగ జీపొచ్చింది.
బడి బోరింగు నీళ్లు సీసల పట్టి
ఎర్రమందు సుక్కలేసిండ్రు.
ఎరుపు పోయి పసుపైంది.
ఎంత మంచిగ మారె అని మేం సప్పట్లు గొట్టినం.
సార్లు ఒకరి మొఖం ఒకరు జూసుకున్నరు.
ఆ పసుపంటె ఏందో మాకెవలు చెప్పలే.
తెల్లారి మల్ల అదే బోరింగు.

గీ తొట్టిల ముందుగాల నీళ్లను చూడాలె,
తర్వాత పానాన్ని ఏయాలె.
మమ్ముల ముందే ఏసిండ్రు.

ఇరవై రెండో దినం కరెంటు బోయింది. మోటరు ఆగింది.
కానరానోళ్లకు ఊపిరాడదని
భార్గవి, నేను వంతులేసుకొని
లోటతోని ముంచుడు, ఎత్తి పోసుడు.
నా భుజం లేసినంతవరకు నేను,
మీదికంత బిడ్డ.

ఎండలకు నీళ్లు తగ్గుతనే ఉంటయి.
పోయేది నీళ్లే, ఉప్పు ఎటూ పోదు.
అందుకే మల్ల పోసేది
సప్పటి నీళ్లే.

ముప్పై ఎనిమిదో రాత్రి
ఒక గొట్టం పసుపు, ఇంకోటి మబ్బుల్లేని మొగులు రంగు.
నమ్మలే. కడిగి మల్ల చేసిన.
గంతే.
"ఇగ తెస్తవా చేప?" అన్నది పారిజాత.
ఇంకో వారం చూద్దామన్న.
నీళ్లను నమ్ముడు నాకు అలవాటు లేదు.

తెల్లారి భార్గవి అద్దానికి నొసలు ఆనిచ్చి
"నాయినా, ఏదో నడుస్తున్నది."
రాయిమీద, నూకగింజంత,
ఎంటికెలసొంటి కాళ్లు.
"మనం కొన్నమా?"
కొనలే.
"మరి పేరేంది?"
మెడ వంగినంత వంచి చూస్తున్న.
మిషిను ఎలుగు సర్రున పోంగనె
అది బొక్కలకు జొరవడ్డది.
ఎనుక ఎవరో పిలుస్తున్నరు:
"అన్నా, రెండు దిక్కుల తీయి,
రెండు కాపీలు."